నలభై ఫందాల మఫ్లర్

మా ఆయన ఓఎన్‌జీసీలో ఉద్యోగి. రాజమండ్రి నుంచి డెహ్రాడూన్‌కి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మా సామాన్లలో ఉన్నిబట్ట అంటూ ఉన్నది ఒక్క శాలువానే. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకి చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున తలకి తుండు చుట్టుకోవడం వరకే. ఇక్కడ నవంబరు దాటితే పరిస్థితి వేరు. డిసెంబరు, జనవరిలో రాత్రిళ్లు ఐదారు డిగ్రీలకి దిగిపోతుంది. నేలమీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. పదకొండు గంటలకి ఎండ కాస్త చిక్కబడేసరికి మా బిల్డింగులో ఆడవాళ్లంతా మేడమీదకి చేరతారు. పక్కన వేరుశనక్కాయలు, కమలాలు, ఒడిలో ఊలు ఉండ, చేతుల్లో రెండు సూదులు. మాట్లాడుకుంటూనే ఉంటారు, చేతులవైపు చూడరు. ఆ చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి.

అలా చూడకుండా కదిలే చేతులు నాకు కొత్త కాదు. మాది పాలకొల్లు పక్కన పల్లె. మా అమ్మ లేసు అల్లేది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే లేసు, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఆడవాళ్ల చేతిపని. 2024లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని టీవీలో చూసి అమ్మే నాకు ఫోన్ చేసి చెప్పింది. నా చిన్నప్పుడు ఏజెంటు వచ్చి దారం ఇచ్చి వెళ్లేవాడు. మళ్లీ వచ్చినప్పుడు అల్లిన పువ్వులు లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. పువ్వుకి ఇంత అని కూలి. అది చాలా తక్కువ. వంట, పశువుల పని అయ్యాక అమ్మ అరుగుమీద కూర్చుంటే దీపాలు పెట్టేవేళ వరకూ లేచేది కాదు. అన్ని వేల పువ్వులూ ఏ దేశంలో ఎవరి బల్లలమీదకి వెళ్లాయో. మా ఇంట్లో ఒక్కటీ లేదు. నేర్పమని అడిగితే "నువ్వు చదువుకోవే, ఈ పని నాతోనే పోనీ" అనేది. నేను చదువుకున్నాను. సూది పట్టకుండానే 41 ఏళ్లు వచ్చాయి.

డెహ్రాడూన్‌లో ఆ మేడమీద కూర్చున్న నాలుగో రోజో ఐదో రోజో, కింది ఇంటి గఢ్వాలీ ఆంటీజీని నాకు నేర్పుతారా అని అడిగాను. ఆమెకి 70 ఏళ్లకి దగ్గర. "సూదులు తెచ్చుకో బేటా" అన్నారు, అంతే.

పల్టన్ బజార్‌కి వెళ్లి నల్ల ఊలు, 12 నంబరు సూదులు కొన్నాను. నంబరు పెద్దదైతే సూది లావుగా ఉంటుందనుకున్నాను, కట్టలోంచి తీసి చూడలేదు. మన దగ్గర అమ్మే సూదులకి పాత ఇంగ్లండు కొలతలు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 12 నంబరంటే మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, స్వెటర్ అంచులకి వాడతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్లది, చేతిలో బాగా ఇముడుతుంది. ఆంటీజీ నా సూదుల్ని, నల్ల ఊలునీ పక్కన పెట్టేసి తన దగ్గర మిగిలిన లేత పసుపు ఊలు, 8 నంబరు సూదుల జత ఇచ్చారు. "నలుపులో ఫందా కనపడదు. ముందు కళ్లకి నేర్పాలి, చేతులు తర్వాత నేర్చుకుంటాయి" అన్నారు. ఆ మాట అప్పుడు మామూలుగా విన్నాను. తర్వాత రెండు నెలలు నేను నేర్చుకున్నదంతా ఆ మాటే.

ఫందా అంటే ఉచ్చు. సూదిమీద వరసగా ఉండే ఒక్కో ఊలు ఉచ్చూ ఒక ఫందా. తెలుగులో కుట్టు అనచ్చుగానీ కుట్టు అంటే నాకు బట్టమీద సూది దూరడమే కళ్లముందుకొస్తుంది. అందుకని ఇక్కడి మాటే వాడతాను. మొదటి పని ఫందాలు వేయడం. ఊలుకి ఒక జారుముడి వేసి సూదికి ఎక్కించాలి. ఊలు చివరవైపు పోగు ఎడమ బొటనవేలికీ, ఉండవైపు పోగు చూపుడువేలికీ తగిలించుకోవాలి. సూది మొనని బొటనవేలి పోగు కిందనుంచి దూర్చి, చూపుడువేలి మీది పోగుని పట్టుకుని, మళ్లీ బొటనవేలి ఉచ్చులోంచే వెనక్కి తెచ్చి మెల్లగా బిగించాలి. రాస్తే ఇంత ఉంది, చేతిలో ఒక్క క్షణం. చివరవైపు ఊలు ఎంత వదలాలో తెలియక మొదటిసారి 16 ఫందాలకే అయిపోయింది. ఫందాకి అంగుళం చొప్పున వదిలితే ఎప్పుడూ తక్కువ పడదు.

మళ్లీ 20 వేశాను. ఎక్కడ జారిపోతాయోనని ఒక్కోదాన్నీ గట్టిగా బిగించాను. మొదటి వరుస అల్లబోతే సూది మొన లోపలికి దూరనే లేదు. ఆంటీజీ అంతా లాగేసి, రెండు సూదులూ కలిపి పట్టుకుని వాటిమీద ఫందాలు వేయమన్నారు. వేశాక ఒక సూది లాగేస్తే ఫందాలు తగినంత వదులుగా మిగిలాయి. చేతికి అలవాటయ్యేదాకా నేను అలాగే వేశాను.

ఇక అల్లిక. సీధా, ఉల్టా, ఉన్నవి ఈ రెండే. సీధాలో ఊలు వెనకవైపు ఉంటుంది. కుడి సూదిని మొదటి ఫందాలోకి ముందునుంచి గుచ్చి, మొనకి ఊలు చుట్టి, ఆ చుట్టుని ఫందాలోంచి ఇవతలికి లాగి, పాత ఫందాని ఎడమ సూది మీంచి జారనివ్వాలి. జారనివ్వడం అనేచోట ప్రతిసారీ గుండె ఆగేది. అన్ని వరుసలూ సీధాయే అల్లితే రెండువైపులా ఒకేలా అడ్డంగా గట్లు గట్లుగా వస్తుంది. రెండు వరుసలకి ఒక గట్టు.

మూడు రోజులు అదే అల్లాను. నా గుడ్డ కిందనుంచి పైకి వెడల్పవుతూ విసనకర్రలా తయారైంది. లెక్కపెడితే 20 ఫందాలు 27 అయ్యాయి. కొత్తవి ఎక్కడినుంచి వచ్చాయో అర్థం కాలేదు. ఆంటీజీ చెప్పలేదు. పక్కన కూర్చుని ఒక వరుస అల్లమన్నారు, వరుస తిప్పగానే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "మొదటి ఫందా చూడు, ఎన్ని కాళ్లున్నాయి?" దగ్గరగా పెట్టుకుని చూస్తే రెండు కనిపించాయి. వరుస తిప్పినప్పుడు నేను ఊలుని సూది మీదుగా వెనక్కి లాగుతున్నాను. దానితో మొదటి ఫందా పైకి లేచి, దాని కింది భాగం కూడా సూదిమీదికి వచ్చేస్తోంది. ఒక్క ఫందాకే రెండు కాళ్లు, నేను రెండు ఫందాలనుకుని రెండూ అల్లేస్తున్నాను. ఊలుని ముందు కిందికి లాగి, సూది కిందుగా వెనక్కి పంపితే సరిపోయింది. అంచులు నిటారుగా వచ్చాయి. నా అంతట నేను అల్లికని చూసి అర్థం చేసుకున్న మొదటి విషయం అది, ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉన్నానో.

కానీ బిగువు కుదరలేదు. ఒక వరుస బిగుతు, ఒక వరుస వదులు. దారం బిగువుని అల్లికలో టెన్షన్ అనే అంటారు, నిజంగా మాట సరిగ్గా సరిపోయింది. ఇక్కడ అందరూ ఊలు కుడిచేత్తో పట్టుకుని సూదిమీదికి విసురుతారు. నేను విసిరిన ప్రతిసారీ సూది వదిలేయాల్సి వచ్చేది. ఒక సాయంత్రం అమ్మ వీడియో కాల్‌లో నా చేతులు చూసి "అలా గింజుకుంటావేంటే? దారం ఎడంచేతికి తీసుకో, చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి చూపుడువేలు మీంచి రానీ" అంది. లేసుకి దారం పట్టుకునే పద్ధతి అది. "ఇది లేసు కాదమ్మా, రెండు సూదులు" అన్నాను. "దారం దారమేగా" అంది.

పట్టుకుని చూశాను. చిటికెనవేలి చుట్టు దారాన్ని పరిగెత్తనివ్వదు, ఆగిపోనివ్వదు. చూపుడువేలు మీద పోగు సన్నగా, నిలకడగా నిలబడింది. విసిరే పనే లేదు. కుడి సూది మొన ఫందాలోకి దూరి, ఆ పోగుని కొక్కెంలా అందుకుని వచ్చేస్తోంది. పది ఫందాలు అల్లేసరికి నా చేతులు నా చిన్నప్పుడు చూసిన చేతుల్లా ఉన్నాయి. ఎవరూ నేర్పకపోయినా, అరుగుమీద ఆమె పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకున్న అన్నేళ్లలో నా కళ్లు అది దాచుకున్నట్టున్నాయి. మర్నాడు ఆంటీజీ చూసి "ఇదేం పద్ధతి" అన్నారు మొదట. వరుస చివరిదాకా చూశాక "ఇదే కానీ" అన్నారు.

ఉల్టాలో ఊలు ముందువైపుకి తెచ్చుకుని, సూదిని ఫందాలోకి కుడినుంచి ఎడమకి గుచ్చి, చుట్టుని వెనక్కి నెట్టాలి. ఎడంచేత్తో దారం పట్టుకునేవాళ్లకి ఇది కష్టం, పోగుని వేలితో కిందికి నొక్కిపట్టాలి. వారం పట్టింది. ఒక వరుస సీధా, ఒక వరుస ఉల్టా అల్లుకుంటూ పోతే ముందువైపు నున్నగా, సన్నటి జడలు పక్కపక్కన వేలాడినట్టు వస్తుంది. మనం షాపులో కొనే స్వెటర్ మీద కనిపించేది ఆ జడలే. వెనక తిప్పితే బియ్యపు గింజలు అడ్డంగా పేర్చినట్టు బొడిపెలు. ఒక మధ్యాహ్నం ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పుతుంటే తట్టింది. సీధా, ఉల్టా రెండు కావు. ఒకే ఫందా. ముందునుంచి చూస్తే జడ, వెనకనుంచి చూస్తే బొడిపె. నేను ముందువైపు ఉల్టా అల్లితే అవతలివైపు అది సీధాయే. ఆంటీజీకి గబగబా చెప్పాను. ఆమె నవ్వి నా తలమీద చెయ్యి వేశారు.

అది తెలిశాక లెక్క గుర్తుపెట్టుకోవడం మానేశాను. ఎక్కడ ఆపానో మర్చిపోయినా భయం లేదు. సూది కింద ఏముందో చూస్తే చాలు. జడ కనిపిస్తే సీధా, బొడిపె కనిపిస్తే ఉల్టా.

ఆ నున్నటి గుడ్డ మాత్రం చాపలా చుట్టుకుపోతుంది. పక్క అంచులు వెనక్కి, పై అంచు, కింది అంచు ముందుకి. నా అల్లికలో లోపమనుకుని రెండుసార్లు విప్పాను. అది దాని స్వభావం, ఎవరు అల్లినా అంతే. అందుకే మఫ్లర్‌కి అది పనికిరాదు, రెండు సీధా, రెండు ఉల్టాగా అల్లాలి. జడలు, బొడిపెలు ఒకదాన్నొకటి లాగిపట్టి అంచు చుట్టుకోకుండా ఉంటుంది, రబ్బరులా సాగుతుంది కూడా.

విప్పడం గురించి చెప్పాలి. మొదట్లో విప్పడమంటే ఏడుపొచ్చేది. హిందీలో విప్పడాన్ని ఉధేడ్‌నా అంటారు, అల్లడాన్ని బున్‌నా. మనసు ఎటూ తేలక కొట్టుకుంటుంటే దాన్ని ఉధేడ్‌బున్ అంటారు, విప్పడమూ అల్లడమూ అని. ఆంటీజీ మాత్రం ఏ ఉధేడ్‌బున్ లేకుండా విప్పేస్తారు. తప్పు పది వరుసల కింద కనిపించినా సూది లాగేసి సర్రున విప్పి, ఊలు మళ్లీ ఉండ చుట్టుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ శబ్దం వినడానికి అలవాటుపడాలి. ఊలు ఎక్కడికీ పోదు.

కానీ ఒక్క ఫందా జారినప్పుడు అంతా విప్పక్కర్లేదు. ఒక రాత్రి, కిటికీలోంచి ముస్సోరీ దీపాలు కనిపిస్తుండగా మంచంమీద కూర్చుని అల్లుతుంటే మధ్యలో ఒక ఫందా సూది నుంచి జారింది. చూస్తుండగానే కిందికి ఐదు వరుసలు దిగిపోయి, అడ్డపోగులు నిచ్చెన మెట్లలా మిగిలాయి. ఊపిరి బిగబట్టి దానికి పిన్నీసు పెట్టేసి పడుకున్నాను. పెళ్లయినప్పుడు అమ్మ దగ్గర్నుంచి గుర్తుగా తెచ్చుకున్న లేసు సూది నా పెట్టెలో ఉంది. పొద్దున్నే అది తీసి చూశాను. మరీ సన్నం, ఊలు పాయల్ని చీల్చేసింది. ఆంటీజీ లావు క్రోషే సూది ఇచ్చారు. జారిన ఫందాలోకి దాన్ని ముందునుంచి దూర్చి, వెనకున్న మెట్టు పోగుని అందుకుని ఇవతలికి లాగితే అది కొత్త ఫందా అవుతుంది. మళ్లీ పై మెట్టు. ఐదు మెట్లూ ఎక్కి సూదిమీదికి చేర్చాక అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. లేసుకీ దీనికీ తేడా నాకు అప్పుడు తెలిసింది. లేసులో ఎంత అల్లినా ప్రాణంతో ఉండేది సూదిమీది ఒక్క ఉచ్చే, మిగతావన్నీ ముడిపడిపోతాయి. ఇందులో వరుస వరుసంతా ప్రాణంతోనే ఉంటుంది. నలభై ఉంటే నలభైనీ కనిపెట్టుకుని ఉండాలి.

నలభై ఎందుకన్నానంటే నా మఫ్లర్‌కి వేసినవి అన్నే. అమ్మ సంక్రాంతి అయ్యాక మా దగ్గరికి వస్తానంది. డిసెంబరు మధ్యలో ఇటుకరంగు ఊలు, 50 గ్రాముల ఉండలు నాలుగు కొన్నాను. రెండు సీధా రెండు ఉల్టాకి నాలుగుతో భాగించబడే సంఖ్య వేసుకుంటే ప్రతి వరుసా రెండు సీధాతో మొదలై రెండు ఉల్టాతో ముగుస్తుంది, గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు. సీధా నుంచి ఉల్టాకి మారేటప్పుడు ఊలుని సూదుల మధ్యలోంచి ముందుకి తేవాలి. మర్చిపోతే సూదిమీద ఒక చుట్టు అదనంగా పడి, 41వ ఫందా పుడుతుంది, కింద చిన్న కన్నం మిగులుతుంది. మొదటి వారంలో నాలుగుసార్లు జరిగింది. తర్వాత ప్రతి వరుస చివరా లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. వరుస మధ్యలో ఆపకూడదని కూడా అప్పుడే నేర్చుకున్నాను. పాలు పొంగుతున్నాయని సగంలో వదిలి వెళ్లి, వచ్చి సూదులు తారుమారుగా పట్టుకుని, అల్లిన వైపుకే వెనక్కి అల్లేశాను. ఊలు ఎప్పుడూ కుడిచేతి సూదినుంచే వేలాడుతూ ఉండాలి. అది చూసుకుంటే దారి తప్పదు.

నాకు అంగుళానికి 7 వరుసలు వస్తున్నాయి. ఐదడుగుల మఫ్లర్‌కి 420 వరుసలు. వరుసకి 40 చొప్పున 16,800 ఫందాలు. ఆ లెక్క వేశాక కాసేపు సూదులు కింద పెట్టాను. వరుసకి మూడు నిమిషాలు, అంటే 21 గంటలు. అరుగుమీద అమ్మ గడిపిన గంటలు ఎన్నో నేనెప్పుడూ లెక్కవేయలేదు, ఆమే వేసి ఉండదు. ఏజెంటు పువ్వులే లెక్కపెట్టేవాడు.

జనవరిలో మా అబ్బాయికి ప్రీబోర్డు పరీక్షలు. వాడు పక్కగదిలో రాత్రి ఒంటిగంట దాకా చదువుతుంటే, నేను ఇవతల దీపం కింద అల్లుతూ మేలుకుని ఉండేదాన్ని. ఆ పది రోజుల్లో అల్లినది నాలుగు అంగుళాలు ఉంటుంది. పరీక్షలయ్యాక మంచంమీద పరిచి చూస్తే అక్కడ మఫ్లర్ కాస్త నడుము బిగించినట్టు సన్నగా ఉంది. ఫందాలు లెక్క సరిగ్గానే ఉన్నాయి, తప్పేమీ లేదు. విప్పుదామని సూది దాకా చెయ్యి వెళ్లింది. ఆంటీజీ చూసి, ఆమె కూడా మొదటిసారి "వద్దులే" అన్నారు.

చివర్లో ఫందాలు బంద్ చేయాలి. రెండు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీంచి దాటించి వదిలేయడం, ఇంకోటి అల్లి మళ్లీ దాటించడం. వదులుగా చేయాలి, లేకపోతే ఆ చివర ముడుచుకుపోతుంది. సీధా వచ్చినచోట సీధా, ఉల్టా వచ్చినచోట ఉల్టాగా అల్లుతూ దాటించాలి. చివరి ఉచ్చులోంచి ఊలు తెంపి దూర్చి లాగితే, నలభైలో ఆఖరిది కూడా ముడిపడింది.

అమ్మ ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చింది. స్టేషన్‌లో రైలు దిగగానే మెడకి చుట్టాను. ఇంటికి వచ్చి టీ తాగాక తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇప్పుడు అమ్మకి కళ్లు సరిగ్గా ఆనవు, శుక్లాల ఆపరేషన్ అయినా సన్నపని చూడలేదు. కానీ ఒక చివర పట్టుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా జరుపుకుంటూ వచ్చింది, లేసు పట్టీలు చూసుకున్నట్టే. సగం దాటాక వేళ్లు ఆగాయి.

"ఇక్కడ బిగించేశావేంటే? దేనికి కంగారుపడ్డావ్?"

మనవడి పరీక్షలని చెప్పాను. అమ్మ ఆ నాలుగంగుళాలూ మళ్లీ ఒకసారి తడిమింది.

"నీ పదో తరగతి పరీక్షలప్పుడు నేను అల్లిన పువ్వులు ఏజెంటు వెనక్కి ఇచ్చేశాడు, చిన్నవైపోయాయని" అంది.

"మరి ఏం చేశావ్?"

"ఏం చేస్తాను, విప్పి మళ్లీ అల్లా" అని మఫ్లర్ మెడకి రెండు చుట్లు చుట్టుకుని, మేడమీద ఎండ ఉందా అని అడిగింది.